తెడ్డు లేని ఇళ్ళు

మా పాళెంలో ఆడవాళ్ళకు దక్కినంత గౌరవం ఇంకెక్కడా దక్కి ఉండదని మా పెద్దలు గట్టిగా నమ్మేవాళ్ళు. కొత్త తెప్పను నీళ్ళలోకి దించే ముందు ఒక ముత్తయిదువ చేత పసుపు పెట్టించేవాళ్ళు. తుఫాను వస్తే అమ్మవారికి మొక్కుకునేవాళ్ళు. ఆమె కూడా ఆడదే. ఇంత గౌరవం ఉన్నచోట వాళ్ళను లెక్కలో వేసుకోవడం మర్యాద కాదని కాబోలు, ఏ లెక్కలోనూ వేసుకునేవాళ్ళు కాదు.

లెక్క సంగతి నాకు బాగా తెలుసు. పెట్టేవాణ్ణి నేనే.

మాది తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున, నలభై ఏడు గడపల పాళెం. నేను చెప్పేది పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరానికి కాస్త అటూ ఇటూ జరిగింది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. బడి మూడో తరగతితో సరి. మిగిలిన చదువంతా ఒక చిరిగిన ఎక్కాల పుస్తకం దగ్గరా, ముళ్ళు వేసిన కొలతతాడు దగ్గరా నేర్చుకున్నాను. భాగహారంలో శేషం మిగిలితే నాకు అన్నం సహించేది కాదు. ఇది మంచి గుణమని చాలాకాలం అనుకున్నాను.

చేపలు ఎండబెట్టుకోవడానికి పాళెం మొత్తానికి ఒకటే నేల ఉండేది, ఒడ్డు పొడుగునా. దాన్ని గడులుగా విడగొట్టి ఇంటికొకటి చొప్పున పంచుకునేవాళ్ళు. ప్రతి ఏడూ వానలకు గట్లు కొట్టుకుపోతాయి కాబట్టి ప్రతి ఏడూ మళ్ళీ కొలవాలి. దానికొక పద్ధతి ఉంది. ఇసుక ఆరిన తర్వాత ఒక ఉదయం, సముద్రంలోకి పోయే మగవాడున్న ప్రతి ఇల్లూ ఒక తెడ్డు తెచ్చి ఒడ్డున గుచ్చి నిలబెట్టాలి. తెడ్లు ఎన్నో లెక్కపెట్టి, అన్ని గడులు కొలిచి, చీట్లు వేసి ఎవరికి ఏది వస్తే అది తీసుకునేవాళ్ళు. మనుషుల్ని లెక్కపెట్టరు. మనుషులు కదులుతారు, అబద్ధాలు చెబుతారు. తెడ్డు నిలబెట్టినచోట నిలబడుతుంది. మంచి పద్ధతే. చిన్న ఇబ్బంది ఒక్కటే. తెడ్డును ఆడవాళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ ఏడంతా వల ఖాళీగా వస్తుందని నమ్మకం.

ఇక చేప ఒడ్డుకు చేరిన తర్వాత గంపల్లో మోసేది, ఉప్పు కలిపేది, గడిలో పరిచేది, పొద్దెక్కాక తిరగేసేది, కాకుల్ని తోలేది, సాయంత్రం ఎత్తేది అంతా ఆడవాళ్ళే. ఒకసారి ఊరికే లెక్క వేశాను. మొత్తం గడుల్లో పగటిపూట అడుగుపెట్టే మగవాళ్ళు ముగ్గురు తేలారు. వాళ్ళలో ఒకడు చుట్ట కాల్చుకోవడానికి వచ్చేవాడు.

నేల పొడుగు నూట ఎనభై ఎనిమిది బారలు. తెడ్లు నలభై రెండు. తెడ్డుకు నాలుగు బారల చొప్పున ఇస్తే నూట అరవై ఎనిమిది పోయి ఇరవై బారలు మిగిలేవి. ఆ మిగులు ఎప్పుడూ దక్షిణపు చివర, ఉప్పునీటి పాయ పక్కన వదిలేవాళ్ళం. అక్కడ మధ్యాహ్నం దాకా ఇసుకలో చెమ్మ ఊరుతూ ఉంటుంది. మగవాడు లేని ఇళ్ళు అయిదు. అయిదుగురూ మొగుడు పోయి, ఎదిగిన కొడుకు లేనివాళ్ళు. ఆ చెమ్మనేలను వాళ్ళకు జాలితో వదిలేవాళ్ళు. ఇరవైని అయిదుతో భాగిస్తే తలా నాలుగు బారలు. అంటే అందరికీ వచ్చినంతే వాళ్ళకూ వచ్చేది. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. చీట్లలో మాత్రం వాళ్ళు ఉండరు, ఏ ఏడూ ఆ చెమ్మ వదలదు, అంతే.

ఆ అయిదుగురిలో మా అక్క ఒకతి. బావ జ్వరంతో పోయి మూడేళ్ళయింది. ఇద్దరు ఆడపిల్లలు. ఒడ్డున నెత్తళ్ళు కొని, ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరు దారిలో ఉన్న ఊళ్ళన్నీ తిరిగి అమ్మేది. పచ్చి చేప అంత దూరం ఆగదు. ఎండబెట్టడానికి చోటుంటేనే ఆమెకు పని, పనుంటేనే ఆ ముగ్గురికీ కూడు.

అట్లా ఉండగా నెల్లూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చి, పాళెం వాళ్ళు సహకార సంఘం పెట్టుకోవాలన్నాడు. సంఘం ఉంటే నైలాను దారం వస్తుంది, ఉప్పు వస్తుంది, ఉప్పు నిలవకు కొట్టు వస్తుంది. అయితే సంఘానికి రూల్సు ఉండాలి, రాసి రిజిస్టరు చెయ్యాలి. రాయగలిగినవాణ్ణి నేను. మూడు రోజులు సావిడిలో కూర్చుని, పెద్దలు చెబుతుంటే రాశాను.

ఎన్ని విషయాలకు రూల్సు కావాలో ఆ మూడు రోజుల్లో తెలిసింది. తెడ్డుకొక గడి అనేది మొదటిది. ముసలితనం వల్ల, రోగం వల్ల సముద్రంలోకి పోలేని మగవాడి తెడ్డు కూడా చెల్లుతుంది అనేది రెండోది. మా పెద్దకాపు బావమరిది ఒకాయన పదేళ్ళుగా మంచం దిగలేదు మరి. గడుల్లోకి సభ్యులు కానివాళ్ళూ, కుక్కలూ, గాడిదలూ రాకూడదు అనేది పదకొండోది. బస్తాల వర్తకులు నేరుగా గడుల్లోకి వచ్చి బేరాలాడుతున్నారని అది పెట్టాం. కుక్కల్నీ అందులో కలపమన్నారు, కలిపాను. కాగితం ఆదా.

మూడో రోజు మా అక్క వచ్చి సావిడి బయట, చూరు కింద నిలబడింది. లోపలికి రావడం ఆనవాయితీ కాదు.

"అబ్బయ్యా, ఇంకొక్క మాట రాయరా," అంది నాతో. "ఎండబెట్టుకునే నేలలో ఆడ మగ తేడా లేదు, అందరూ చీట్లలో ఉంటారు అని."

సావిడిలో నవ్వులు లేచాయి. ఒకాయన, "రేపు తెప్ప మీదికి గూడా వస్తానంటావా మే?" అన్నాడు.

"నువ్వు గడిలో నెత్తళ్ళు తిరగేసిన రోజున వస్తాలే మామా."

పెద్దకాపు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. పాళేనికి పెద్ద ఆయనే. మాట మెత్తన, మనసూ చెడ్డది కాదు. "చూడమ్మాయ్," అన్నాడు, "రాసుకునేది నమ్మకం లేనిచోట. కన్నతల్లికి అన్నం పెట్టాలని ఎవరన్నా గోడ మీద రాసుకుంటారా? నిన్ను మేం వదిలేస్తామా?"

"మరి తెడ్డోళ్ళకి గడి ఇయ్యాలని రాస్తుండారే పెదనాయనా? వాళ్ళని వదిలేస్తారని భయమా?"

ఆయన నావైపు చూశాడు. చదువుకున్నవాణ్ణి కదా, జవాబు నేను చెప్పాలి. చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ జవాబుకు నా చెవి నేనే మెలేసుకోవాలనిపిస్తుంది.

"అక్కా, ఆ మాట రాజ్యాంగంలో ముందే రాసుండారు. ఆడ మగ తేడా చూపించకూడదని ఢిల్లీలో పెద్దోళ్ళంతా కూర్చుని రాసినారు. అది దేశానికంతా చెల్లుతుంది. దాన్ని మళ్ళీ మనం రాసుకోవడం ఒకటితో హెచ్చించడం లాంటిది. ఎన్నిసార్లు హెచ్చించినా అంతే వస్తుంది."

"ఒకటితో హెచ్చిస్తే మారదు గదా?"

"మారదు."

"అయితే హెచ్చించడానికి మీకందరికీ అంత కష్టమెందుకురా?"

అయినా నేను రాయలేదు. పద్నాలుగు రూల్సుతో పుట సరిగ్గా నిండింది. పదిహేనోదానికి కొత్త కాగితం తియ్యాలి. రాజ్యాంగంలో కుక్కల గురించి ఏమీ లేదు కాబట్టి కుక్కలకు రాసుకున్నాం. ఆడవాళ్ళ గురించి ఉంది కాబట్టి వదిలేశాం. నాకది చాలా సబబుగా తోచింది.

అంతటితో ఆగినా బాగుండేది. చివర్లో నా గుణం అడ్డొచ్చింది. నూట అరవై ఎనిమిది బారలకు హక్కుదార్లు ఉన్నారు, ఇరవై బారలకు ఎవరూ లేరు. కాగితం మీద ఆ శేషం నన్ను గుచ్చింది. పద్నాలుగో రూలులో, 'పంచగా మిగిలిన నేల సంఘానికి చెందుతుంది' అని నేనే కలిపాను. పెద్దలు మెచ్చుకున్నారు. శేషం సున్నా.

ఆ ఏడు వానలు వెలిశాయి. నలభై రెండు తెడ్లు నిలబడ్డాయి. నేను తాడు పట్టుకుని ఉత్తరం నుంచి కొలుచుకుంటూ పోయి నలభై రెండో గడి దగ్గర ఆగాను. మిగిలిన ఇరవై బారల్లో అప్పటికే నలుగురు మనుషులు గుంటలు తవ్వుతున్నారు. సంఘం ఉప్పుకొట్టుకు నిట్టాళ్ళు పాతడానికి.

అయిదుగురు ఆడవాళ్ళూ గంపలతో నిలబడి చూస్తున్నారు.

"పెదనాయనా, మా చోటు?" అంది అక్క.

పెద్దకాపు నిజంగానే బాధపడ్డాడు. "నేనేం చేసేదమ్మా! ముందయితే జాలిపడి వదిలేవాళ్ళం. ఇప్పుడు రిజిస్టరు అయిపోయిందాయె. మిగిలింది సంఘానిదని రాసుండాది. జాలి చూపించమని యాడా రాసిలేదు."

"రాసినోడు ఎవురు?"

నలభై రెండు ఇళ్ళవాళ్ళూ నన్నే చూశారు. అంత మంది ఒకేసారి నా లెక్కను ఒప్పుకోవడం అదే మొదలు.

అక్క దగ్గరికొచ్చింది. తిట్టలేదు. "ఢిల్లీలో రాసుండారంటివే," అంది. "పద, ఆ గడి యాడుందో చూపించు. నెత్తళ్ళు పరుచుకుంటా."

మర్నాడు నెల్లూరు పోయి ఆఫీసరును కలిశాను. రాజ్యాంగం మాట ఎత్తితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అందులో ఉన్నది నిజమేనయ్యా. సర్కారు తేడా చూపించకూడదని ఉంది. మీ ఇసుక సర్కారు కాదు కదా? మీ రూల్సు మీరు రాసుకున్నవి."

"మరి మాకు చెల్లదా అండీ?"

"కోర్టుకు పోతే ఏమంటారో నేను చెప్పలేను. వకీళ్ళు వాదించుకుని, అది తేలేసరికి మీ అక్క చేప ఎండుతుందా, కుళ్ళుతుందా? ఆ ఒక్క ముక్కా మీ కాగితంలో ఉంటే నేనిక్కడ కూర్చునే సంతకం పెట్టి పంపేవాణ్ణి. రాయాల్సింది."

"ఇప్పుడు రాయొచ్చా అండీ?"

"సభ్యుల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే రాయొచ్చు."

నలభై రెండులో మూడింట రెండు వంతులు ఇరవై ఎనిమిది. తిరిగొచ్చే దారంతా వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఒప్పుకుంటారనుకున్న ఇళ్ళు తొమ్మిది. అందులో ఒకటి మాదే.

అక్కకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ఆ రూల్సు కాగితం ఒకసారి మొత్తం చదువు," అంది. చదివాను. పదకొండో దగ్గర ఆపింది.

"సభ్యులు కానోళ్ళు గడుల్లోకి రాగూడదా?"

"వర్తకుల కోసం పెట్టింది అక్కా."

"వర్తకులని రాసినావా?"

"లేదు."

"సభ్యులెవురు?"

"తెడ్డు ఉండేవాళ్ళు."

"అంటే నలభై రెండు ఇళ్ళ పెళ్ళాలూ కారు. ఆడోళ్ళ సంగతి రూల్సులో లేదంటివే, ఉండాదిగదరా. కుక్కకీ గాడిదకీ ముందర, బాగానే కూర్చోబెట్టినావు."

లేచి పెద్దకాపు ఇంటికి పోయింది. లోపల ఆయన భార్యతో ఏం మాట్లాడిందో నేను వినలేదు. ఆ పెద్దామె నోటికి పాళెమంతా భయపడేది. పెద్దకాపు అందరికంటే ఎక్కువ.

తెల్లవారి తెప్పలు ఒడ్డుకొచ్చాయి. ఆ రోజు నెత్తళ్ళు విరగబడ్డాయి. ఆడవాళ్ళు గంపలు మోసుకొచ్చి గడుల గట్టు దాకా తెచ్చి, అక్కడ దించి, వరసగా కూర్చున్నారు. ఒక్కతె కూడా గట్టు దాటలేదు.

"ఏమ్మే, పరవరేం?" అని అరిచాడు పెద్దకాపు.

ఆయన భార్య తమలపాకు నములుతూ తీరిగ్గా చెప్పింది. "మేం సభ్యులం కాదంట గదయ్యా. పదకొండో రూలు. నువ్వే పెట్టించి, నన్నే తప్పమంటావా? రిజిస్టరు అయిపోయిందాయె."

మగవాళ్ళే దిగారు. సముద్రం మీద గాలి వాసన పట్టి తుఫాను చెప్పగలిగినవాళ్ళు; ఇసుక మీద చేప పరచడం ఏమంత బ్రహ్మవిద్య అనుకున్నారు. మందంగా పరిచారు. ఎండ నడినెత్తికి వచ్చినా తిరగెయ్యలేదు. తిరగెయ్యాలని తట్టినప్పుడు చేప ఇసుకకు అంటుకుపోయింది. కాకులు మాత్రం ఎప్పటిలాగే వచ్చాయి, వాటికి రూల్సు తెలియవు. ఒకాయన ఉప్పు కలిపాడు కానీ ఎంత కలిపాడో ఆయనకే తెలియదు. గట్టు మీద నుంచి ఉచిత సలహాలు వస్తూనే ఉన్నాయి.

"మామా, ఆ మూల కాకి దిగింది చూడు!"

"అట్ట గాదు నాయనా, బిడ్డని పడుకోబెట్టినట్టు పరచాల. ఆఁ, బిడ్డల్ని మాత్రం ఎప్పుడు పడుకోబెట్టినావులే!"

సాయంత్రానికి పాళెమంతా వాసన. నా లెక్కలో పరిచినదాంట్లో నాలుగోవంతుకు తక్కువే మిగిలింది. రెండో రోజు పట్టు ఇంకా పెద్దది. ఆ మధ్యాహ్నం పెద్దకాపు నన్ను పిలిపించాడు.

"ఒరే, పదిహేనోది ఏదో రాసెయ్యి. ఆడోళ్ళకి గడుల్లోకి రాను పర్మిషన్ ఇచ్చినామని."

చూరు కింద నుంచి అక్క అంది. "పర్మిషన్ వద్దు పెదనాయనా. ఇచ్చినోళ్ళు రేపు తీసుకుంటారు. మగోడు లేని ఇంటికి తెడ్డు లేకపోయినా గడి వస్తుంది, చీట్లలో వస్తుంది, ఆడోళ్ళు గూడా సభ్యులే అని రాయండి."

"అంత పొడుగా? మీ ఇష్టానికి మేమెప్పుడన్నా అడ్డం చెప్పినామా?"

"లేదు. మా ఇష్టమేందో అడిగితే గదా అడ్డం చెప్పేది."

ఒప్పుకునేవాళ్ళు తెడ్డు నిలబెట్టాలి అన్నారు. ఆ సాయంత్రమే ఒడ్డున చేరాం. ఒక్కొక్కటే నిలబడ్డాయి. కొందరు మనస్ఫూర్తిగా గుచ్చారు, కొందరు ఇంటివైపు ఒక చూపు చూసి గుచ్చారు. లెక్కపెట్టాను. ఇరవై ఏడు. మళ్ళీ పెట్టాను. ఇరవై ఏడే. మిగిలిన పద్నాలుగు మంది తెడ్లు భుజాన వేసుకుని దూరంగా నిలబడ్డారు. వాళ్ళు కదలరని ముఖాలే చెబుతున్నాయి. నలభై రెండోది, మంచం దిగలేని ఆ ముసలాయనది.

అప్పుడు ఆయన భార్య వచ్చింది. భుజం మీద తెడ్డు.

"మా ఆయన లెయ్యలేడు. నిలబెట్టి రమ్మన్నాడు," అని ఇరవై ఏడో తెడ్డు పక్కన గుచ్చింది.

ఆడది తెడ్డు ముట్టుకోవడం పాళెంలో ఎవరూ ఎరుగరు. పెద్దలందరూ ఒక్కసారిగా సముద్రంలో ఏదో కనిపించినట్టు అటు తిరిగి చూడసాగారు. పెద్దకాపు నాతో గొంతు తగ్గించి, "ఎన్నిరా?" అన్నాడు.

"ఇరవై ఎనిమిది."

"రాయి మరి. చీకటి పడతా ఉండాది."

కొత్త కాగితం తీశాను. ఆ ఏడు వలలు ఖాళీగా రాలేదని కూడా ఇక్కడే చెప్పాలి. ఈ విషయం నేను అడిగినప్పుడల్లా పెద్దలు మాట మార్చేవాళ్ళు.

ఉప్పుకొట్టు పాళెం వెనక్కి పోయింది. ఉప్పుకు చెమ్మనేల పనికిరాదని అప్పుడు గుర్తొచ్చింది వాళ్ళకు. నేల మళ్ళీ కొలిచాను. నలభై ఏడు గడులు, గడికి సరిగ్గా నాలుగు బారలు. ఎవరికీ ఒక్క జానెడు తగ్గలేదు. చీట్లలో అక్కకు మంచి మెరకన పంతొమ్మిదోది వచ్చింది. పక్కది పెద్దకాపుది. చెమ్మ మూల ఆ ఏడు వచ్చిన అయిదు ఇళ్ళవాళ్ళలో ముగ్గురు ఆ తెడ్లు నిలబెట్టని పద్నాలుగు మందిలోనివాళ్ళు. అంత చెమ్మ నేలను మనుషులకు ఎట్లా ఇస్తారని వాళ్ళు నా మీద అరిచారు. నాకూ అదే సందేహం ఎన్నో ఏళ్ళ ముందే రావలసింది.

అందరూ నన్నడిగేది ఒకటే: ఉన్న నేలే, ఉన్న మనుషులే, అంత గొడవపడి ఒక ముక్క రాస్తే ఏం ఒరిగింది? నేను లెక్క మనిషిని, లెక్కే చెబుతాను. రాయకుండా జాలి మీద నడిచినప్పుడు అయిదు ఇళ్ళకు చెమ్మ. మగవాళ్ళకు మాత్రమే రాసినప్పుడు అయిదు ఇళ్ళకు సున్నా. అందరికీ రాసినప్పుడు అందరికీ నాలుగు బారలు, చెమ్మలో వంతు. మాటలో ఉన్న గౌరవాన్ని కొలిచే తాడు నా దగ్గర లేదు.

రెండు నెలలు తిరిగాయో లేదో పెద్దకాపు భార్య నన్ను పిలుచుకుపోయింది. "మీ అక్క గూటం జరిపింది. కొలువు." కొలిచాను. నిజమే. సరిహద్దు గూటం ఒక మూర పెద్దకాపు గడిలోకి వచ్చింది. నేను అక్కవైపు చూశాను.

"గాలికి జరిగుంటుంది," అంది.

"గాలి ఒక్క గూటాన్నే జరపదు అక్కా."

సావిడిలో పంచాయితీ పెట్టారు. ఈసారి అక్క లోపలికి వచ్చి కూర్చుంది. గూటం జరిపినవాళ్ళు పది తట్టల ఇసుక మోసి గట్టు మీద పొయ్యాలని తొమ్మిదో రూలు. చదివి వినిపించాను. పెద్దకాపు దయగా గొంతు సవరించుకున్నాడు.

"ఆడకూతురు. పది మోయలేదు. అయిదు చాలులే."

అక్క చటుక్కున లేచింది. "అయిదని యాడ రాసుండారు పెదనాయనా?"

"రాయలేదమ్మా, నేనే జాలిపడి..."

"ఆ జాలిని నేనెరుగుదునులే." కొంగు బిగించి తట్ట అందుకుంది.

నడి ఎండలో మోసింది. పెద్దకాపు భార్య గట్టు మీద నిలబడి పైకే లెక్కపెట్టింది. నా మీద ఆమెకు నమ్మకం లేదు, నేను తమ్ముణ్ణి కదా. పదో తట్ట కుమ్మరించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అక్క నావైపు తిరిగింది.

"ఎన్ని?"

"పది."

"రాయి," అంది.